ఆఫ్‌సైడ్ తీసేస్తే లాభం ఎవరికి?



ఆగస్టు 9 టోర్నీ రూల్స్ మీద గ్రూపులో వారం నుంచి నడుస్తున్న చర్చ అందరూ చూస్తూనే ఉన్నారు. "ఈసారి ఆఫ్‌సైడ్ వద్దు, పిల్లల్ని ఫ్రీగా ఆడనిద్దాం" అని ఒక అన్న రాయగానే కింద చాలామంది సరే సరే అన్నారు. మేము అనలేదు. ఎందుకు అనలేదో రెండు ముక్కల్లో చెప్తే అర్థం కాదు కాబట్టి ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాం. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

మా మాట సూటిగా చెప్తాం. ఫుట్‌బాల్ రూల్స్ అన్నిటిలోకీ బలం తక్కువున్న జట్టుకి ఎక్కువ పనికొచ్చే రూల్ ఆఫ్‌సైడ్. ఎత్తు లేకపోయినా, ఒడ్డూ పొడుగూ లేకపోయినా, నలుగురు డిఫెండర్లు ఒక్క అడుగుగా కదలగలిగితే పెద్ద పెద్ద స్ట్రైకర్లని కట్టిపడేయొచ్చు. అలాంటి ఆయుధాన్ని మన చేత్తో మనమే పారేసుకుంటాం అంటే మేము ఒప్పుకోం.

ముందు రూల్ ఏంటో చూద్దాం. ఎందుకంటే తీసేయమంటున్న వాళ్ళలో సగం మంది వేరే రూల్ గురించి మాట్లాడుతున్నారు. ఒక తమ్ముడు రాశాడు, "బాల్ అందుకునేటప్పుడు డిఫెండర్ కంటే ముందుంటే ఆఫ్‌సైడ్" అని. కాదు తమ్ముడూ. చూడాల్సింది బాల్ అందుకున్న క్షణం కాదు, మన ఆటగాడు బాల్‌ని తన్నిన క్షణం. ఆ క్షణంలో నువ్వు అవతలి జట్టు సగంలో ఉండి, బాల్ కంటే ముందుండి, అవతలి జట్టులో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా గోల్ లైన్‌కి దగ్గరగా ఉంటే, అది ఆఫ్‌సైడ్ పొజిషన్. చివరి మనిషి మామూలుగా గోల్‌కీపర్, కానీ కీపరే అవ్వాలని రూల్ ఏం లేదు. కీపర్ ముందుకొచ్చేసి ఉంటే లెక్క మారిపోతుంది. సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. తల, ఒళ్ళు, కాళ్ళు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ పొజిషన్‌లో ఊరికే నిలబడితే తప్పు లేదు. బాల్ జోలికి వెళ్ళినా, అవతలివాళ్ళకి అడ్డుపడినా, అక్కడుండటం వల్ల లాభం పొందినా అప్పుడే విజిల్. గోల్ కిక్, కార్నర్, త్రో ఇన్ నుంచి నేరుగా వచ్చిన బాల్‌కి ఆఫ్‌సైడే లేదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఇక ఆఫ్‌సైడ్ లేకుండా మన గ్రౌండ్లలో ఆట ఎలా నడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు, మీరే ఆడారు. అవతలి కీపర్ పక్కన ఒక పొడుగోడు కాపు కాస్తాడు. వాడిని వదిలేస్తే గోల్ కాబట్టి ఇద్దరు డిఫెండర్లు వాడికి అంటుకుపోతారు. రెండో వైపు కూడా అంతే. మధ్యలో గ్రౌండ్ అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఆడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, ఎందుకంటే కీపర్ గట్టిగా ఒక్క తన్ను తంతే బాల్ నేరుగా పొడుగోడి నెత్తి మీద పడుతుంది. తలతో తోసేస్తే గోల్. చూసేవాళ్ళు ఈలలు వేస్తారు, నిజమే. కానీ ఆ ఆటలో మిడ్‌ఫీల్డ్‌లో ఆడే చిన్నపాటి కుర్రాడికి ఏం పనుంది? బాల్ వాడి నెత్తి మీంచి అటూ ఇటూ పోతుంటే ఆకాశం చూస్తూ నిలబడతాడు. మన హాస్టళ్ళలో అలాంటి కుర్రాళ్ళే ఎక్కువ. పొట్టిగా, చురుగ్గా, కొండ ఎక్కీ దిగీ ఊపిరి గట్టిపడినవాళ్ళు. ఆఫ్‌సైడ్ తీసేయడం అంటే వాళ్ళని ఆటలోంచి తీసేయడమే.

ఇది మేము ఊహించి చెప్తున్నది కాదు. ఈ రూల్‌ని ఎప్పుడు కొంచెం కదిపినా ఆట మొత్తం కదిలిందని ఫుట్‌బాల్ చరిత్రే చెప్తుంది.

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ మొదటి రూల్స్ రాసినప్పుడు ఆఫ్‌సైడ్ చాలా కఠినంగా ఉండేది. బాల్ కంటే ముందున్న ప్రతివాడూ ఆఫ్‌సైడే. అంటే ముందుకి పాస్ ఇవ్వడం కుదరదు. అందుకే అప్పటి ఆటలో పాస్ అన్నమాటే పెద్దగా లేదు. ఒకడు బాల్ పట్టుకుని తల వంచుకుని దూసుకుపోవడం, మిగతావాళ్ళు వాడి వెనక గుంపుగా పరిగెత్తడం. 1866లో రూల్ సడలించారు. నీకూ గోల్ లైన్‌కీ మధ్య అవతలివాళ్ళు ముగ్గురు ఉంటే చాలు, ముందున్నా ఫర్వాలేదు అన్నారు. ఆ చిన్న సందులోంచే పాసింగ్ పుట్టింది. దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నది ఎవరు? రూల్ రాసిన ఇంగ్లీషు దొరలు కాదు, స్కాట్లాండ్ వాళ్ళు. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. ఇంగ్లండ్ ఆటగాళ్ళు బరువైనవాళ్ళు, స్కాట్లాండ్ వాళ్ళు తేలికైనవాళ్ళు. ఒంటి బలంతో ఢీకొడితే ఓడిపోతామని వాళ్ళకి తెలుసు. ఇద్దరిద్దరుగా బాల్ మార్చుకుంటూ ఆడారు. మ్యాచ్ 0-0. ఆ తర్వాత స్కాట్లాండ్ ఆటగాళ్ళని ఇంగ్లండ్ క్లబ్బులు ఏరికోరి తీసుకెళ్ళాయి, పాసింగ్ నేర్పించుకోడానికి.

ఇక్కడ ఒక అన్న వేసిన ప్రశ్నకి జవాబు చెప్పాలి. "తెల్లదొరల బడుల్లో పుట్టిన రూల్, ఆదివాసీ పిల్లల మీద ఎందుకు రుద్దుతారు?" అని. అన్నా, మీ కోపం మాకూ ఉంది. కానీ రూల్ ఎవరు రాశారు అనేది ఒక ప్రశ్న, దాన్ని ఎవరు వాడుకోగలిగారు అనేది ఇంకో ప్రశ్న. 1/70 చట్టం మన తాతలు రాసింది కాదు. అయినా దాన్ని అక్షరం అక్షరం చదువుకున్న ఊళ్ళోనే భూమి నిలబడింది, చదవని ఊళ్ళో పోయింది. ఫుట్‌బాల్ రూల్ పుస్తకంలో ఆఫ్‌సైడ్ ఉన్నది 11వ నంబరు కింద.  చదవండి. చదవకుండా దొరల రూల్ అని పక్కన పెడితే దొరలకే లాభం.

చరిత్రలోకి మళ్ళీ వద్దాం. ముగ్గురు ఉండాలి అన్న రూల్ దాదాపు 60 ఏళ్ళు నడిచింది. ఈలోపు డిఫెండర్లు తెలివి మీరారు. న్యూకాసిల్ జట్టులో బిల్ మెక్‌క్రాకెన్ అని ఐర్లండ్ నుంచి వచ్చిన ఫుల్‌బ్యాక్ ఉండేవాడు. ముగ్గురు లెక్కకి రావాలి కదా, అందులో ఒకడు కీపర్. అంటే ఇద్దరు ఫుల్‌బ్యాకుల్లో ఒక్కడు సరైన క్షణంలో ముందుకి అడుగేస్తే చాలు, అవతలి ఫార్వర్డ్‌లు అందరూ ఆఫ్‌సైడ్. ఒకవేళ లెక్క తప్పినా వెనక రెండో ఫుల్‌బ్యాక్ ఉంటాడు. తక్కువ రిస్కుతో ఎక్కువ లాభం. అందరూ ఇదే మొదలుపెట్టేసరికి ఆట మొత్తం సెంటర్ లైన్‌కి అటూ ఇటూ ఇరుక్కుపోయింది, నిమిషానికో విజిల్. విసిగిపోయి 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఒక్క మనిషి తేడా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో అంతకుముందు సీజన్‌లో పడిన గోల్స్ 4,700. రూల్ మారిన సీజన్‌లో 6,373. ఆ తర్వాత రెండేళ్ళకి, 1927-28లో, ఎవర్టన్ సెంటర్ ఫార్వర్డ్ డిక్సీ డీన్ ఒక్కడే లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు. ఇప్పటికీ ఇంగ్లండ్ లీగ్‌లో ఎవరూ దాటలేదు.

"చూశారా, రూల్ సడలిస్తే గోల్స్ పెరిగాయి, మేమూ అదే అంటున్నాం" అంటారేమో. ఆగండి. సడలించడం వేరు, తీసేయడం వేరు. 1925లో సడలించాక ఏం జరిగిందో చూడండి. అక్టోబర్ 3న ఆర్సెనల్ జట్టు న్యూకాసిల్ చేతిలో 7-0తో చిత్తుగా ఓడింది. ఆర్సెనల్ ఫార్వర్డ్ చార్లీ బుకన్, మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ కూర్చుని ఆలోచించారు. మిడ్‌ఫీల్డ్ మధ్యలో తిరిగే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి ఇద్దరు ఫుల్‌బ్యాకుల మధ్య నిలబెట్టారు. దాంతో మిడ్‌ఫీల్డ్‌లో ఖాళీ వచ్చింది, దాన్ని నింపడానికి ఒక ఫార్వర్డ్‌ని వెనక్కి దించారు. అలా కదులుతూ కదులుతూ డబ్ల్యూ ఎమ్ ఆకారం తయారైంది. 1930లలో ఆర్సెనల్ ఐదు సార్లు లీగ్ గెలిచింది. ఆ ఆకారాన్ని బద్దలు కొట్టడానికి హంగరీ తన సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుతిని వెనక్కి లాగింది. అతని వెంట పోవాలా, తన చోటులోనే ఉండాలా తేల్చుకోలేక ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ అవస్థపడ్డాడు. 1953 నవంబర్ 25, వెంబ్లీ స్టేడియం, హంగరీ 6, ఇంగ్లండ్ 3. అందులో హిదెగ్‌కుతివే మూడు. ఆ తరం ఆటని మన దేశంలో శ్రద్ధగా చదివినవాడు హైదరాబాద్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఆటలో తెలివి పుట్టేది హద్దు దగ్గరే. హద్దు ముందుకి జరిగితే ఒక ఎత్తు, వెనక్కి జరిగితే ఇంకో ఎత్తు. కానీ హద్దే లేకపోతే ఎత్తు వేయాల్సిన పనే లేదు, గట్టిగా తన్నితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, లైన్. నలుగురు డిఫెండర్లు తమ గోల్ ముందు గుమిగూడకుండా సెంటర్ లైన్ దగ్గర దాకా ముందుకొచ్చి నిలబడ్డారనుకోండి. వాళ్ళ వెనక 40 మీటర్ల గ్రౌండ్ ఖాళీ. చూసేవాడికి పిచ్చి పనిలా ఉంటుంది. కానీ ఆఫ్‌సైడ్ ఉంది కాబట్టి అవతలి ఫార్వర్డ్‌లు ముందే వెళ్ళి ఆ ఖాళీలో కూర్చోలేరు, లైన్‌కి ఇవతలే ఉండాలి. అంటే 105 మీటర్ల గ్రౌండ్‌ని నువ్వు కుదించేశావన్నమాట. 1980ల చివర్లో ఏసీ మిలాన్ కోచ్ అరిగో సాక్కీ తన జట్టులో చివరి డిఫెండర్‌కీ ముందున్న ఫార్వర్డ్‌కీ మధ్య 25 మీటర్లకి మించి దూరం ఉండకూడదు అనేవాడు. సాక్కీ ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడలేదు, చెప్పులు అమ్మే పని చేసి వచ్చినవాడు. బాల్ లేకుండానే పదకొండు మందిని గ్రౌండ్ మీద కదిలించేవాడు. బాల్ ఇక్కడుంది అనుకోండి, ఎటు జరుగుతారు? అక్కడుంది అనుకోండి, ఎటు జరుగుతారు? బారేసి చెయ్యెత్తితే లైన్ మొత్తం ముందుకి అడుగేసేది. 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ వాళ్ళదే.

మాలో థింసా ఆడేవాళ్ళున్నారు, రేలా ఆడేవాళ్ళున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసలో ఆడేటప్పుడు ఒక్కరి అడుగు తప్పితే వరస మొత్తం ఎలా ఊగిపోతుందో మీకు తెలుసు. పక్కవాడిని చూడకుండానే వాడి అడుగు తెలియాలి. డిఫెన్స్ లైన్ అంటే అచ్చంగా అదే. ఈ పని పట్నం అకాడమీ పిల్లల కంటే మన పిల్లలకి తొందరగా వస్తుందని మేము పందెం కాస్తాం. కానీ ఆఫ్‌సైడ్ లేని ఆటలో లైన్‌కి విలువే లేదు కాబట్టి మన పిల్లలు దాన్ని నేర్చుకోనే నేర్చుకోరు.

నమ్మకం కుదరకపోతే 2022 నవంబర్ 22 గుర్తుచేసుకోండి. ఖతర్ ప్రపంచ కప్, అర్జెంటీనా మీద సౌదీ అరేబియా. ఫిఫా ర్యాంకుల్లో అర్జెంటీనా 3, సౌదీ 51. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచుల నుంచి ఓటమి ఎరగదు. పదో నిమిషంలోనే మెస్సీ పెనాల్టీ కొట్టాడు. అందరూ ఇంకో నాలుగైదు పడతాయి అనుకున్నారు. నిజంగానే పడ్డాయి కూడా. మెస్సీ ఒకటి, లౌతారో మార్టినెజ్ రెండు. మూడూ ఆఫ్‌సైడ్. మొదటి సగంలోనే అర్జెంటీనా 7 సార్లు ఆఫ్‌సైడ్‌లో దొరికింది, మ్యాచ్ మొత్తంలో 10 సార్లు. సౌదీ కోచ్ హెర్వే రెనార్ తన డిఫెండర్లని సెంటర్ లైన్ దగ్గర దాకా తెచ్చి నిలబెట్టాడు. మెస్సీ లాంటి వాడి ముందు అలా నిలబడాలంటే గుండె కావాలి. రెండో సగం మొదలైన ఎనిమిది నిమిషాల్లోపే అల్ షెహ్రీ, అల్ దవ్సరీ చెరొక గోల్ కొట్టారు. 2-1. ఆ తర్వాత అర్జెంటీనా కప్పు గెలిచింది, సౌదీ మిగతా రెండు మ్యాచులూ ఓడి ఇంటికెళ్ళింది, ఒప్పుకుంటాం. కానీ ఆ ఒక్క రోజు ఆఫ్‌సైడ్ రూల్ లేకపోయి ఉంటే స్కోరు ఎంత ఉండేదో మీరే లెక్కేసుకోండి. మెస్సీని ఆపింది ఏ ఒక్క డిఫెండరూ కాదు, నలుగురు కలిసి గీసిన గీత.

2024 అక్టోబర్ 26న మాడ్రిడ్‌లో కూడా ఇదే. ఫ్లిక్ కోచ్‌గా ఉన్న బార్సిలోనా, రియల్ మాడ్రిడ్‌ని వాళ్ళ గడ్డ మీదే 4-0తో ఓడించింది. ఎంబాపే ఒక్కడే 8 సార్లు ఆఫ్‌సైడ్. ప్రపంచంలో అతనంత వేగంగా పరిగెత్తేవాళ్ళు ఎందరుంటారు? ఆ లైన్‌లో నిలబడినవాళ్ళలో కుబార్సీ అనే కుర్రాడికి అప్పటికి 17 ఏళ్ళు. మన ఇంటర్ ఫస్టియర్ వయసు.

దీనికి ఖరీదు లేదని మేము అనట్లేదు. అదే బార్సిలోనా 2025 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఇంటర్ మిలాన్ చేతిలో రెండు మ్యాచులూ కలిపి 7-6తో ఓడింది. లైన్ ఒక్క క్షణం ఆలస్యమైతే వెనకంతా ఖాళీయే కదా. అందుకే కీపర్ కూడా మారాలి. 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియా మీద జర్మనీ కీపర్ నోయర్ ఎన్నిసార్లు పెనాల్టీ బాక్స్ దాటి బయటికొచ్చి బాల్ క్లియర్ చేశాడో చూడండి. గోల్ పోస్టుకి ఆనుకుని నిలబడే కీపర్‌తో ఎత్తు లైన్ ఆడించలేం.

మరి దాడి చేసేవాళ్ళ సంగతి? ఇక్కడే మా అసలు బాధ. మన టోర్నీల్లో గోల్స్ మీద గోల్స్ కొట్టిన ఒక తమ్ముడు ఒక పెద్ద ఊళ్ళో సెలక్షన్‌కి వెళ్ళాడు. ఏ ఊరో, ఎవరి సెలక్షనో ఇక్కడ అక్కర్లేదు. ఇచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు సార్లు జెండా లేచింది. ఆరోసారి బాల్ అడగడానికి కూడా భయపడి సైడ్‌కి వెళ్ళి నిలబడ్డాడు. "ఆట తెలీదు" అని పంపించేశారు. వాడికి ఆట తెలుసు. వాడికి నేర్పని ఆటలో వాడిని పరీక్ష పెట్టారు. స్పీడు ఉంది, షాట్ ఉంది, ధైర్యం ఉంది. లేనిదల్లా ఒక్కటే, లైన్ వెంబడి అడ్డంగా పరిగెత్తి పాస్ పడే క్షణంలో లోపలికి తిరగడం. అది రెండు నెలల్లో వచ్చే పని, కానీ ఆఫ్‌సైడ్‌తో ఆడితేనే వస్తుంది. ఇటలీ స్ట్రైకర్ ఫిలిప్పో ఇంజాగీ పెద్ద బలవంతుడూ కాదు, డ్రిబ్లింగ్ మొనగాడూ కాదు. లైన్ మీద బతికాడు. పదిసార్లు ఆఫ్‌సైడ్ అయినా పదకొండోసారికి ఎదురుచూసేవాడు. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్‌కి వచ్చిన రెండు గోల్సూ అతనివే.

లైన్‌ని కొట్టడానికి దారులు చాలా ఉన్నాయి. స్ట్రైకర్ కదలకుండా నిలబడి, వెనక నుంచి మిడ్‌ఫీల్డర్ పరిగెత్తుకుంటూ వచ్చి బాల్ అందుకోవడం ఒకటి. డిఫెండర్ చూపు స్ట్రైకర్ మీదుంటుంది, మూడోవాడిని ఎవరూ పట్టించుకోరు. వింగ్ నుంచి గోల్ లైన్ దాకా బాల్ తీసుకెళ్ళి వెనక్కి పాస్ కొయ్యడం ఇంకోటి. బాల్ వెనకున్నవాడికి ఆఫ్‌సైడ్ అంటదు. త్రో ఇన్‌కి ఆఫ్‌సైడ్ లేదని పైన చెప్పాం కదా, అవతలి సగంలో త్రో దొరకగానే ఒకడు నేరుగా లైన్ వెనక్కి వెళ్ళిపోవచ్చు. మన జట్లలో ఇది వాడేవాళ్ళని మేము ఒక్కరిని కూడా చూడలేదు. ఇలాంటి తెలివితేటలన్నీ ఆ గీత ఉంటేనే పనికొస్తాయి.

హాకీ మాట ఎత్తినవాళ్ళకి జవాబు. నిజమే, హాకీలో ఆఫ్‌సైడ్‌ని 1996లో ప్రయోగంగా ఎత్తేసి 1998లో పూర్తిగా తీసేశారు. సిమ్‌డేగా ఆదివాసీ పిల్లలు ఆ హాకీ ఆడే ఇండియా జట్టు దాకా వెళ్తున్నారు, ఆ ఆట మీద మాకు గౌరవమే. 1928లో ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా అని మన పిల్లలకి ఇంకా ఎక్కువ చెప్పాలి. కానీ ఒక సంగతి మర్చిపోతున్నారు. హాకీలో సర్కిల్ లోపల నుంచి కొడితేనే గోల్. దూరం నుంచి బాదితే చెల్లదు. నెత్తిన పడేలా బాల్ లేపడానికి కూడా షరతులున్నాయి. అంటే ఒక గీత తీసేసినా ఆటని కాపాడే వేరే గీతలు అక్కడున్నాయి. ఫుట్‌బాల్‌లో ఎక్కడి నుంచి కొట్టినా గోలే, ఎంత ఎత్తు లేపినా చెల్లుతుంది, తలతో కూడా కొట్టొచ్చు. ఆఫ్‌సైడ్ కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? చిన్నపిల్లల ఏడుగురి ఆటకి ఆఫ్‌సైడ్ వద్దంటే మేమూ సరే అంటాం, ఆ గ్రౌండ్‌కి లైన్ అవసరం లేదు. పదకొండు మంది పెద్ద గ్రౌండ్‌కి కుదరదు.

ఇక గొడవల సంగతి. "జెండా ఎత్తితే రెండు ఊళ్ళ మధ్య కొట్లాట అవుతోంది" అని రాశారు. అయ్యింది, మేమూ అక్కడే ఉన్నాం. కానీ ఎందుకయ్యింది? జెండా పట్టుకున్నవాడు ఆతిథ్యం ఇచ్చిన ఊరి బావమరిది, బాల్ వెనక పరిగెత్తుతూ ఎక్కడో దూరం నుంచి చెయ్యెత్తాడు. లైన్స్‌మన్ పరిగెత్తాల్సింది బాల్‌తో కాదు, చివరి నుంచి రెండో డిఫెండర్‌తో. ఎప్పుడూ వాడికి సమానంగా ఉండాలి, అప్పుడే గీత కనపడుతుంది. ఈ ఒక్క విషయం తెలియనివాడి చేతికి జెండా ఇచ్చి, కొట్లాట అయ్యాక రూల్‌ని తిట్టడం ఏం న్యాయం? కబడ్డీలో బోనస్ లైన్ మీద ఎన్ని తగాదాలు పడలేదు? బోనస్ తీసేశామా? అంపైర్‌ని మార్చాం.

పెద్ద ఆటల్లో కూడా ఈ రూల్ మీద గొడవ ఆగలేదు. 1990లో "సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు" అని మార్చారు. ఖతర్‌లో కెమెరాలతో భుజం అంచులు కొలిచారు. స్ట్రైకర్ ఒంట్లో ఏ కాస్త భాగం డిఫెండర్‌కి సమానంగా ఉన్నా వదిలేద్దామని వెంగర్ అంటున్నాడు. అవన్నీ గీత ఎక్కడ గీయాలి అన్న తగాదాలు. గీత వద్దని వాళ్ళెవరూ అనట్లేదు.

కాబట్టి రూల్స్ కమిటీ ముందు మేము పెడుతున్నది ఇదీ. ఆగస్టు 9 టోర్నీలో అబ్బాయిల ఆటకీ, అమ్మాయిల ఆటకీ ఆఫ్‌సైడ్ ఉండాలి. అమ్మాయిలకి కష్టం అని రాసిన తమ్ముడు ముందు వాళ్ళ ప్రాక్టీసు చూసి రావాలి, లైన్ కదపడంలో వాళ్ళే మనకంటే నయం. ప్రతి జట్టు నుంచి ఇద్దరిని లైన్స్‌మన్ పనికి ఇప్పుడే ఎంచుకోవాలి, సొంత జట్టు ఆడే మ్యాచ్‌కి వాళ్ళు జెండా పట్టకూడదు. సెంటర్ లైన్, పెనాల్టీ బాక్స్ గీతలు ప్రతి మ్యాచ్‌కి ముందు మళ్ళీ సున్నంతో గీయాలి. వాన పడితే చెరిగిపోతాయి, ఆగస్టులో వాన పడకుండా ఉండదు. మొదటి రోజు జెండా తప్పుగా లేచినా ఎవరూ గ్రౌండ్ లోపలికి రాకూడదు, కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి హాస్టల్ వెనక గ్రౌండ్‌లో ఉంటాం. ఆఫ్‌సైడ్‌తో అరగంట, లేకుండా అరగంట ఆడిద్దాం, అవే రెండు జట్లతో. వద్దంటున్న అన్నలు తప్పకుండా రండి, ఒక జట్టు మీరే ఎంచుకోండి. ఎర్ర గుడ్డ జెండాలు రెండు మేము తెస్తాం, సున్నం బస్తా మాత్రం ఎవరైనా సర్దండి.